పక్షవాతం తర్వాత 'బాగున్న చెయ్యి' ఎంత బాగుంటుంది?

పక్షవాతం వచ్చిందని తెలియగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న, "ఏ పక్క పడిపోయింది?" కుడి పక్క అని జవాబు వస్తే, "పోనీలే, ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా" అని ధైర్యం చెబుతారు. ఆసుపత్రిలోనూ, ఇంట్లోనూ అందరి దృష్టీ పడిపోయిన చేతి మీదే ఉంటుంది. రెండో చెయ్యి బాగుందనే లెక్క. ఆ లెక్క పూర్తిగా సరికాదని నాడీశాస్త్ర పరిశోధనలు చెబుతున్నాయి. మెదడులో ఒక పక్క దెబ్బ తగిలితే ఎదురు పక్క చెయ్యి ఎక్కువగా, అదే పక్క చెయ్యి కొంత తక్కువగా దెబ్బతింటాయి. ఆ 'కొంత' అనేది కొందరి విషయంలో తన అన్నం తాను తినగలగడానికీ, తినలేకపోవడానికీ మధ్య తేడా అవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో ఈ సంగతి తెలుసుకోవడం చాలా అవసరం. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తయింది. రాయ్‌పూర్-విజయనగరం మార్గం 1931 నాటికి సిద్ధమైంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ మార్గాల వెంబడి ఊళ్లలో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన బిలాస్‌పూర్ వాటిలో ఒకటి. ఇక్కడి ఫిట్టర్లు, వెల్డర్లు, లోకో పైలట్లు, ట్రాక్ నిర్వహణ సిబ్బంది అందరూ చేతి నైపుణ్యం మీదే బతికినవారు. అలాంటివారికి రిటైరయ్యాక పక్షవాతం వస్తే, మిగిలిన ఒక్క చేతితో ఏం చేయగలరన్నదే రోజువారీ జీవితాన్ని నిర్ణయిస్తుంది.

మెదడు నుంచి చేతికి వెళ్లే దారులు

మన మెదడులో కుడి, ఎడమ అని రెండు అర్ధగోళాలు ఉన్నాయి. చేతిని కదిలించే ఆదేశాలు మెదడు పై పొర నుంచి బయలుదేరి వెన్నుపాములోకి దిగుతాయి. దారిలో, మెదడు అడుగున మెడుల్లా అనే భాగం దగ్గర, ఈ నాడీ తంతువుల్లో ఎక్కువ భాగం ఒక పక్క నుంచి మరో పక్కకు దాటుతాయి. అందుకే ఎడమ అర్ధగోళంలో రక్తనాళం మూసుకుపోతే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. ఈ విషయం బడి పుస్తకాల్లోనే ఉంటుంది.

అయితే తంతువులన్నీ దాటవు. సుమారు 85 నుంచి 90 శాతం దాటితే, మిగిలినవి తమ పక్కనే కిందికి దిగుతాయి. ఇవి కాక మెదడు కాండం నుంచి బయలుదేరే మరికొన్ని నాడీ మార్గాలు శరీరానికి రెండు పక్కలా పనిచేస్తాయి. భుజాన్ని, నడుమును నిలకడగా పట్టి ఉంచడంలో వాటి పాత్ర ఎక్కువ. వేళ్లు సన్నని పని చేయాలంటే భుజం, నడుము కదలకుండా నిలవాలి. పునాది ఊగుతుంటే పైన ఎంత నేర్పున్నా పని కుదరదు.

అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఒక కదలికను ఆలోచించి, రూపకల్పన చేసి, నడిపించే పనిలో రెండు అర్ధగోళాలూ పాలు పంచుకుంటాయి. ఆఖరి ఆదేశం ఒక పక్క నుంచే వెళ్లినా, దాని వెనుక ఉన్న లెక్కలో రెండు పక్కల వాటా ఉంటుంది. ఒక అర్ధగోళం దెబ్బతింటే ఆ లెక్కలో కొంత భాగం లేకుండా పోతుంది. ఆ లోటు రెండు చేతుల్లోనూ కనిపిస్తుంది.

వందేళ్ల కిందటి పరిశీలన, ఒక శాస్త్రవేత్త స్వానుభవం

ఈ విషయాన్ని మొదట గట్టిగా చూపినవారు జర్మన్ వైద్యుడు హ్యూగో లీప్‌మన్. ఆయన 1905లో 83 మంది పక్షవాత రోగుల వివరాలు ప్రకటించారు. వారిలో 41 మందికి కుడి పక్క, 42 మందికి ఎడమ పక్క పడిపోయింది. పడిపోని చేత్తో సలాం చేయమని, వీడ్కోలుగా చెయ్యి ఊపమని, ఫలానా వస్తువును ఎలా వాడతారో చూపమని ఆయన అడిగేవారు. కుడి పక్క పడిపోయిన వారిలో 20 మంది తమ ఎడమ చేత్తో ఈ పనులు సరిగ్గా చేయలేకపోయారు. ఎడమ పక్క పడిపోయిన వారికి కుడి చేత్తో ఆ ఇబ్బంది రాలేదు. చేతిలో బలం ఉంది, కానీ పనిని ఏ వరసలో చేయాలో తెలియడం లేదు. ఈ స్థితికి 'అప్రాక్సియా' అని పేరు. నేర్చుకున్న పనుల జ్ఞానాన్ని రెండు చేతులకూ అందించడంలో ఎడమ అర్ధగోళానిది పెద్ద పాత్ర అని లీప్‌మన్ తేల్చారు.

మరి కుడి అర్ధగోళం దెబ్బతింటే కుడి చేతికి ఏమీ కాదా? దీనికి ఒక జవాబు నార్వే నుంచి వచ్చింది. ఆల్ఫ్ బ్రోదాల్ ప్రసిద్ధ నాడీ నిర్మాణ శాస్త్రవేత్త. 1972లో ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమ పక్క బలహీనపడింది. తన శరీరంలో ఏం జరుగుతోందో శ్రద్ధగా గమనించి, 1973లో 'బ్రెయిన్' పత్రికలో వ్యాసం రాశారు. ఆయన ఆశ్చర్యపోయిన విషయాల్లో ఒకటి చేతిరాత. ఆయన రాసేది కుడి చేత్తో. ఆ చేతికి పక్షవాతం లేదు. అయినా దస్తూరి మునుపటిలా కుదురుగా రావడం లేదు. మామూలు పరీక్షల్లో బాగున్నట్టు కనిపించిన చేతిలోని లోపాన్ని, జీవితమంతా నాడీ మార్గాలను చదివిన మనిషి తన కాగితం మీద తానే చూశారు.

రెండు అర్ధగోళాలు, రెండు రకాల నైపుణ్యాలు

ఎడమ, కుడి అర్ధగోళాలు దెబ్బతిన్నప్పుడు కనిపించే లోపాలు ఒకేలా ఎందుకు ఉండవు? అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్త రాబర్ట్ సేన్‌బర్గ్, క్యాథ్లీన్ హాలండ్ తదితరుల పరిశోధనలు దీనికి ఒక వివరణ ఇచ్చాయి. అది అర్థం కావాలంటే ముందు చేతి కదలికలోని భౌతికశాస్త్రం కొంచెం తెలియాలి.

చెయ్యి ఒకే కర్ర ముక్క కాదు. మోచేతి పైభాగం ఒకటి, కింది భాగం మరొకటి, రెండూ కీలుతో కలిసి ఉంటాయి. భుజం దగ్గర పైభాగాన్ని ఊపితే, మోచేయి దగ్గర ఏ కండరమూ పనిచేయకపోయినా కింది భాగం దానంతట అదే విసురుగా కదులుతుంది. కప్లింగ్‌తో కలిపిన వ్యాగన్లలో ఒకదాన్ని కుదిపితే పక్కది కూడా కుదిపినట్టే. గ్లాసు కోసం చెయ్యి చాచినప్పుడు ఈ విసురు ఎంత ఉంటుందో మెదడు ముందే అంచనా వేసి, దానికి తగినట్టు కండరాలను బిగించాలి, వదలాలి. చెయ్యి కదిలాక చూసి సరిదిద్దుకుందామంటే ఆలస్యమవుతుంది.

బొగ్గు నింపిన గూడ్సు రైలును నడిపే లోకో పైలట్‌కు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అంత బరువున్న రైలు బ్రేకు వేసిన చోటే ఆగదు. బరువెంత, వాలు ఎటు, వేగమెంత అన్నవి లెక్కలోకి తీసుకుని, సిగ్నల్ రాకముందే బ్రేకు మొదలుపెట్టాలి. ఇది ముందుచూపుతో చేసే పని. రైలు ఆగాక పని మారుతుంది. వాలు మీద ఉన్నా, వెనుక నుంచి ఏదైనా తోసినా, అది ఆగిన చోట నుంచి జరగకూడదు. ఇది నిలకడకు సంబంధించిన పని.

కుడిచేతి వాటం ఉన్నవారిలో ముందుచూపు లెక్కల్లో ఎడమ అర్ధగోళానిది పైచేయి అనీ, చేరిన చోట స్థిరంగా నిలపడంలోనూ, అనుకోని కుదుపులను తట్టుకోవడంలోనూ కుడి అర్ధగోళానిది పైచేయి అనీ ఈ పరిశోధకుల వాదన. సిడ్నీ షేఫర్, హాలండ్, సేన్‌బర్గ్ 2007లో ప్రచురించిన అధ్యయనం దీనికి బలం చేకూర్చింది. పక్షవాతం వచ్చినవారిని తక్కువ దెబ్బతిన్న చేత్తో ఒక గుర్తును చేరుకోమని అడిగారు. ఎడమ అర్ధగోళం దెబ్బతిన్నవారికి కదలిక మొదట్లోనే దూరానికి తగినంత బలాన్ని నిర్ణయించుకోవడం కష్టమైంది. కుడి అర్ధగోళం దెబ్బతిన్నవారు బాగానే బయలుదేరారు, కానీ ఆఖరున గుర్తు దగ్గర కచ్చితంగా ఆగలేకపోయారు.

ఇంటి భాషలో చెప్పాలంటే, మొదటి రకం మనిషి గ్లాసు వైపు చెయ్యి చాచేటప్పుడు దారి వంకర పోతుంది, పని నెమ్మదిస్తుంది. రెండో రకం మనిషి చెయ్యి గ్లాసు దాకా చక్కగా వెళ్లి, దాన్ని కాస్త దాటిపోతుంది లేదా తగిలి ఒలకబోస్తుంది. ఇద్దరి చేతిలోనూ పట్టు గట్టిగానే ఉండవచ్చు. అందుకే "నా వేలు గట్టిగా పట్టుకోండి" అని చేసే బలపరీక్షలో ఈ లోపం దొరకదు.

ఎవరికి నష్టం ఎక్కువ?

పక్షవాతం స్వల్పంగా వచ్చినవారికి ఈ లోపం పెద్దగా అడ్డురాదు. కొన్ని నెలల్లో బలహీనపడిన చెయ్యి తేరుకుంటుంది, రెండు చేతులూ కలిసి పని గడిపేస్తాయి. చిక్కంతా తీవ్రంగా వచ్చినవారికే. వారికి పడిపోయిన చేతి వేళ్లు తెరుచుకోవు. స్నానం, బట్టలు, భోజనం, ఫోను, తాళం చెవి, మందుల స్ట్రిప్ అన్నీ ఒక్క చేతి మీదే పడతాయి. రెండు చేతుల బరువు మోయాల్సిన ఆ ఒక్క చెయ్యీ నెమ్మదిగా, తడబడుతూ ఉంటే మనిషి ప్రతి పనికీ మరొకరి మీద ఆధారపడాలి.

క్యాండిస్ మేంజా, సేన్‌బర్గ్, సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన క్యారొలీ విన్‌స్టీన్ తదితరులు 2020లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటనే చెబుతోంది. తక్కువ దెబ్బతిన్న చేతిలో లోపం ఎంత అన్నది మెదడులో ఏ పక్క దెబ్బతిందన్న దాని మీదా, పడిపోయిన చెయ్యి ఎంత తీవ్రంగా పడిపోయిందన్న దాని మీదా ఆధారపడి ఉందని వారు గుర్తించారు. ఎడమ అర్ధగోళం దెబ్బతిన్నవారిలో ఈ సంబంధం స్పష్టంగా కనిపించింది. వారి కుడి చెయ్యి ఎంత పనికిరాకుండా పోతే ఎడమ చేతిలో ఇబ్బంది అంత ఎక్కువ. మంచి చెయ్యి ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో, వారికే అది సరిగ్గా అందడం లేదన్నమాట.

అన్నం కలిపే చెయ్యి

ఈ పరిశోధనలు ఎక్కువగా చెంచాతో తినే సమాజాల్లో జరిగాయి. మన ఇళ్లలో పరిస్థితి వేరు. వేడి అన్నంలో పప్పు వేసి కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి నెట్టడం ఎంతో సున్నితమైన పని. ఐదు వేళ్లూ ఒకదానితో ఒకటి సమన్వయంతో కదలాలి. అరవై ఏళ్లు కుడి చేత్తో చేసిన ఈ పనిని ఎడమ చెయ్యి ఒక్కసారిగా నేర్చుకోవాలి. అదీ కొంత దెబ్బతిన్న ఎడమ చెయ్యి.

దీనికి తోడు సిగ్గు. ఎడమ చేత్తో తినకూడదు, ఇవ్వకూడదు, ప్రసాదం తీసుకోకూడదు అని చిన్నప్పటి నుంచి విన్నవారు పదిమందిలో ఎడమ చేత్తో ముద్ద ఎత్తడానికి వెనుకాడతారు. "మీరు కూర్చోండి మావయ్యా, నేను తినిపిస్తాను" అని కోడలు ప్రేమతో ముందుకొస్తుంది. ఇద్దరికీ అదే సులువు. కానీ తినిపించిన ప్రతిసారీ ఆ చేతికి సాధన చేసే అవకాశం ఒకటి తగ్గుతుంది. వాడకపోతే బాగున్న చెయ్యి కూడా మందగిస్తుంది.

ఎడమ పక్క పడిపోయిన వారికి మరో రకం ఇబ్బంది. శౌచం తర్వాత శుభ్రం చేసుకునే పని కుడి చేతికి రావాలి. దీని గురించి నోరు తెరిచి అడగడానికి చాలామంది మొహమాటపడతారు. చేతితో పట్టుకునే నీటి స్ప్రే, గోడకు గట్టిగా బిగించిన కడ్డీ ఉంటే ఈ కష్టం చాలావరకు తీరుతుంది.

బిలాస్‌పూర్ లాంటి చోట భాష కూడా లెక్కలోకి వస్తుంది. ఇంట్లో తెలుగు, బయట హిందీ, ఛత్తీస్‌గఢీ. ఎడమ అర్ధగోళం దెబ్బతిన్నవారిలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది. ఫిజియోథెరపిస్ట్ హిందీలో చెప్పిన పని రోగి చేయకపోతే కారణం మాట అర్థం కాకపోవడమా, అప్రాక్సియానా అన్నది విడదీసి చూడాలి. ఇంటివారు పక్కన ఉండి తెలుగులో చెప్పడం, చేసి చూపించడం, ఉత్త సైగలు అడగకుండా అసలు వస్తువునే చేతికి ఇవ్వడం మేలు. దువ్వెన లేకుండా దువ్వినట్టు చూపలేని మనిషి, దువ్వెన చేతికిస్తే చక్కగా దువ్వుకోవచ్చు.

శిక్షణతో మారుతుందా?

ఇప్పటివరకు పునరావాస చికిత్స ఎక్కువగా పడిపోయిన చేతి మీదే సాగింది. మంచి చేతికి తొడుగు వేసి కదలనివ్వకుండా చేసి, బలహీనమైన చేత్తోనే పని చేయించే పద్ధతి కూడా ఉంది. కానీ ఆ పద్ధతి వేళ్లు, మణికట్టు కొంతైనా కదిలించగలిగినవారికే. అసలు కదలిక లేనివారికి అది పనికిరాదు.

అలాంటివారి కోసమే మేంజా బృందం వేరే దారి పట్టింది. కొద్దిమంది పాత పక్షవాత రోగులతో చేసిన ప్రాథమిక అధ్యయనాన్ని 2021లో ప్రచురించింది. తక్కువ దెబ్బతిన్న చేతికి కంప్యూటర్ తెర మీది కదలికల ఆటలతోనూ, అసలైన వస్తువులతోనూ శిక్షణ ఇచ్చారు. ఆ చేతి పనితీరుతో పాటు, రోజువారీ పనుల్లో సొంతంగా నెగ్గుకురాగలగడం కూడా మెరుగుపడింది. కొద్దిమందిపై జరిగిన ప్రయోగం కాబట్టి దాన్నే ఆఖరి మాటగా తీసుకోకూడదు. అందుకే రెండు యూనివర్సిటీల్లో, రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, మంచి చేతి శిక్షణను పడిపోయిన చేతి శిక్షణతో పోల్చే పెద్ద ట్రయల్‌ను రూపొందించి, దాని విధానాన్ని 2022లో ప్రచురించారు.

మంచి చేతికి శిక్షణ ఇవ్వడమంటే పడిపోయిన చేతిని వదిలేయడం కాదు. ఆ చెయ్యి తేరుకునే అవకాశం ఉన్నంతవరకు దాని వ్యాయామాలు ఆపకూడదు. కీళ్లు బిగుసుకుపోకుండా, భుజం జారకుండా చూసుకోవడం ఎప్పటికీ అవసరమే.

ఇంట్లో గమనించడం, సాధన చేయడం

చేతి పనితీరును కొలవడానికి 1969లో రూపొందిన జెబ్సెన్-టేలర్ పరీక్షను ఇప్పటికీ వాడుతున్నారు. ఇందులో ఏడు పనులుంటాయి: రాయడం, కార్డులు తిరగేయడం, చిన్న వస్తువులు ఏరడం, చెంచాతో తిన్నట్టు గింజలు ఎత్తడం, బిళ్లలు పేర్చడం, ఖాళీ డబ్బాలు జరపడం, బరువైన డబ్బాలు జరపడం. ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తారు. చేయగలరా లేదా అన్నదే కాదు, ఎంత వేగంగా చేస్తారన్నది ముఖ్యం. పది నిమిషాల్లో చొక్కా గుండీలు పెట్టుకోగలిగే మనిషికి, పక్కవారు ఓపిక పట్టలేక తామే పెట్టేస్తారు.

ఇంట్లో పరీక్ష చేయలేకపోయినా గమనించవచ్చు. మంచి చేత్తో గ్లాసు అందుకునేటప్పుడు ఒలుకుతోందా? నాణేలు ఏరేటప్పుడు జారిపోతున్నాయా? సంతకం మారిందా? ఫోనులో ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కుతున్నారా? ఇలాంటివి కనిపిస్తే ఫిజియోథెరపిస్ట్‌కో, ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కో తప్పక చెప్పాలి. "ఈ చేతిని కూడా పరీక్షించండి" అని అడగడం రోగి హక్కు.

వారి సలహాతో చేయదగిన సాధనకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. శనగలు ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి ఒక్కొక్కటిగా మార్చడం, స్టీలు గ్లాసులు ఒకదానిపై ఒకటి పేర్చడం, పేక ముక్కలు తిరగేయడం, డబ్బా మూతలు తీయడం, గీసిన గీత మీద పెన్సిలు నడపడం చాలు. నడుము ఆనించుకుని స్థిరంగా కూర్చోవాలి. రోజూ పట్టిన సమయాన్ని ఒక నోటుపుస్తకంలో రాస్తే ఎదుగుదల కంటికి కనిపిస్తుంది. వేడి నీళ్లు, కత్తి, పొయ్యి జోలికి మాత్రం సాధన పేరుతో వెళ్లకూడదు. బాగున్న చేతిలో అకస్మాత్తుగా కొత్త బలహీనత వస్తే అది సాధనతో తీరే లోపం కాదు, రెండో పక్షవాతం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి గంటల విలువ

మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు మందగించడం పక్షవాతం గుర్తులు. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. పావురం రక్తం పూయడం లాంటి నాటు వైద్యాలతో పోయే సమయం మళ్లీ రాదు. లక్షణం కనిపించగానే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరడమే దారి.

ఛత్తీస్‌గఢ్‌లో మరో జాగ్రత్త కూడా కావాలి. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇది ఒకటి. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న మొదలైంది కూడా బిలాస్‌పూర్-కట్నీ రైలు మార్గంలోని షహ్‌డోల్‌లోనే. ఈ వ్యాధి ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. మెదడు రక్తనాళాల్లో రక్తవేగాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే ముప్పును ముందే పసిగట్టవచ్చు.

పెద్దల్లో అన్నిటికంటే పెద్ద కారణం రక్తపోటు. రాత్రి డ్యూటీలు, వేళకాని భోజనం, పొగాకు కలిస్తే ముప్పు పెరుగుతుంది. డ్యూటీలో ఉన్నంతకాలం రైల్వే వైద్య పరీక్షలు దాన్ని పట్టుకుంటాయి. రిటైరయ్యాక బీపీ చూపించుకోవడం ఎవరికి వారు గుర్తుపెట్టుకోవాల్సిన పని.

పక్షవాతం వచ్చి ఏళ్లు గడిచిన వారికి "ఇక ఇంతే" అని చెప్పడం మన దగ్గర పరిపాటి. పడిపోయిన చేతి విషయంలో ఆ మాట కొంతవరకు నిజం కావచ్చు. మిగిలిన చేతి విషయంలో అది తొందరపాటు. దానికి ఇంకా నేర్చుకునే శక్తి ఉంది. ఈ పూట ఎడమ చేత్తో సగం అన్నం ఒలకబోసినా, పళ్లెం ముందు నుంచి తీసేయకుండా ఓపిక పట్టడమే ఇంటివారు చేయగల మొదటి సాయం.